సెకండ్ హ్యాండ్ సీవీటీ సిటీ తీసుకోవచ్చా?

ప్రశ్న: 2017 హోండా సిటీ జెడ్ఎక్స్ పెట్రోల్ సీవీటీ చూశాను. హైదరాబాద్ బండి, 68 వేల కిలోమీటర్లు తిరిగింది, ఒక్కరే ఓనర్. ఏడు లక్షలు చెబుతున్నారు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఇంజిన్ గురించి బెంగ అక్కర్లేదు. 1.5 లీటర్ ఐవీటెక్‌కు టైమింగ్ చెయినే కాబట్టి బెల్టు మార్చే ఖర్చు లేదు. ఈ బండిలో బేరం తేలాల్సింది సీవీటీ దగ్గర, అంటే గేర్ల మెట్లు లేకుండా పనిచేసే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ దగ్గర.

మీరు వెళ్లేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, బ్రేకు తొక్కి డీ (ముందుకు)లో, తర్వాత ఆర్ (వెనక్కి)లో వేయండి. గేరు పట్టుకోవడానికి ఒకటి రెండు సెకన్లకు మించి పట్టినా, గట్టిగా కుదుపు వచ్చినా అనుమానించాలి. తర్వాత యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉంచి 20–40 వేగంలో నడపండి. సీటు కింద సన్నగా వణుకు వస్తోందంటే, పాతబడిన ఆయిల్ వల్ల లోపల పట్టు సరిగా దొరకడం లేదన్నమాట. అరగంట తిప్పి ఇంజిన్ వేడెక్కాక ఇదంతా మళ్లీ చేయండి. కొన్ని లోపాలు వేడి మీదే బయటపడతాయి.

సర్వీసు బిల్లుల్లో ‘హెచ్‌సీఎఫ్-2’ అనే హోండా సీవీటీ ఆయిల్ మార్చినట్టు ఉందా చూడండి. 40 వేలకు ఒకసారి మార్చుకుంటే మంచిది. మామూలు ఆటోమేటిక్ గేర్ ఆయిల్ దీనికి పనికిరాదు. డ్రెయిన్ చేస్తే వచ్చేది సుమారు మూడున్నర లీటర్లే, మిగతాది ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ వంటి భాగాల్లోనే ఉండిపోతుంది. అందుకే ఒక్కసారీ మార్చని బండికి కొన్ని వేల కిలోమీటర్ల తేడాతో రెండుసార్లు మార్చాలి. ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. వణుకు స్పష్టంగా ఉంటే మాత్రం ఎంత తగ్గించినా వద్దు.

ఇది 2020 అక్టోబరు వరదలు చూసిన ఊరి బండి. సీటు బెల్టును చివరిదాకా లాగండి, నీట మునిగిన బండైతే మడతల్లో బురద చార కనిపిస్తుంది. సీటు పట్టాల బోల్టులకు తుప్పుందా, స్టెప్నీ గుంతలో ఒండ్రు ఉందా చూడండి. ముందు కార్పెట్ ఒక్కటే తడిగా ఉంటే తొందరపడొద్దు, సన్‌రూఫ్ నీళ్లు పోయే గొట్టం పూడుకుపోయినా అలా తడుస్తుంది.

2017–18లో తయారైన కొన్ని సిటీలకు ఫ్యూయల్ పంపు ఉచితంగా మార్చేందుకు కంపెనీ 2024లో రీకాల్ ప్రకటించింది. 17 అక్షరాల చాసిస్ నంబరు ఇచ్చి షోరూమ్‌లో అడగండి.

ఏపీకి మార్చుకోవడానికి ఫారం 28తో తెలంగాణ ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. లోను ఉన్న బండైతే అది తీరిందని చూపే ఫారం 35 కూడా కావాలి. ఏడు లక్షలకు ఇవన్నీ కలిపాకే బేరమాడండి.

ప్రశ్న: మా 2015 సిటీ పెట్రోల్ మాన్యువల్ పొద్దున్నే టక్ టక్ అంటోంది. మెకానిక్ ఇంజిన్ దించాలంటున్నారు.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ముందు డిప్‌స్టిక్‌తో ఆయిల్ మట్టం చూడండి. సరిగానే ఉంటే టాపెట్ గ్యాప్, అంటే వాల్వుల దగ్గర ఉండే సన్నని ఖాళీ, చూపించండి. ఈ ఇంజిన్‌లో గ్యాప్‌ను చేత్తోనే సరిచేయాలి, అదంతట అది సర్దుకోదు. పూర్తిగా చల్లారిన ఇంజిన్ మీద ఫీలర్ గేజ్‌తో (ఖాళీని కొలిచే సన్నని రేకులు) ఇన్‌టేక్ వాల్వులకు 0.15–0.19, ఎగ్జాస్ట్ వాల్వులకు 0.26–0.30 మిల్లీమీటర్లు ఉంచమనండి. దీనికి ఇంజిన్ దించే పని లేదు, పైన వాల్వ్ కవర్ విప్పితే చాలు. తిరిగి బిగించేటప్పుడు కవర్ గ్యాస్కెట్ కొత్తది వేయించండి, లేకపోతే ఆయిల్ కారుతుంది.