హార్డ్‌డిస్క్ జోలికి పోకుండా లినక్స్ చూడొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. ఐదో తరం ఐ5, 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఉంది. విండోస్ 11 ఎక్కడం లేదు. షాపులో కొత్తది కొనమంటున్నారు, మా అబ్బాయేమో విండోస్ బదులు లినక్స్ వేద్దామంటాడు. నా డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కంపోజ్ చేసే పని) ఫైళ్లు, ఇంట్లోవాళ్ల ఫొటోలు పోతాయేమోనని టెన్షన్. ముందు వాడి చూసి, నచ్చితేనే వేసుకోవచ్చా?

జవాబు: భేషుగ్గా చూడొచ్చండి. విండోస్ 11కి కనీసం ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్ కావాలి, అందుకే మీ దాంట్లో ఎక్కడం లేదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. మీ అబ్బాయి మాటలో న్యాయం ఉంది.

8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి చాలు. లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ ఐఎస్‌ఓ ఫైలు (సిస్టమ్ మొత్తం ఒకే ఫైలుగా ఉండేది) దింపుకుని, రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో అందులోకి ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నదంతా చెరిగిపోతుంది. నేను తొందరలో మా పిన్ని కూతురి పెళ్లి ఫొటోలున్న దాన్ని పెట్టేశాను. ఇప్పటికీ ఏ ఫంక్షన్‌కి వెళ్లినా ఆ మాట ఎత్తుతారు.

పెన్‌డ్రైవ్ పెట్టి ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే ఎఫ్12 నొక్కుతూ ఉండండి (హెచ్‌పీ అయితే ఎస్కేప్, తర్వాత ఎఫ్9). రెండు మూడు నిమిషాల్లో మింట్ డెస్క్‌టాప్ వస్తుంది. అదంతా పెన్‌డ్రైవ్, ర్యామ్‌లతో నడుస్తున్నదే. డెస్క్‌టాప్ మీద ‘ఇన్‌స్టాల్ లినక్స్ మింట్’ అనే ఐకాన్ ఉంటుంది, దాన్ని మాత్రం ముట్టుకోకండి. మీ డిస్క్ కూడా ఫైళ్ల కిటికీలో కనిపిస్తుంది. దాన్ని తెరిచి మీరే ఏదైనా డిలీట్ చేస్తే నిజంగానే పోతుంది. ఫొటోలు ముందే వేరేచోట కాపీ చేసిపెట్టుకోండి.

స్పీడు సంగతి ఇప్పుడే తేల్చేయకండి, పెన్‌డ్రైవ్ మీద అది నత్తనడకే. వైఫై పట్టిందా, యూట్యూబ్‌లో సౌండ్ వస్తోందా, మూత వేసి తీస్తే మళ్లీ లేస్తోందా, ప్రింటర్‌లో ఒక కాగితం బయటికొచ్చిందా, ఇవి చూడండి. మూత దగ్గర తడబడే ల్యాప్‌టాప్‌లు నేను చాలా చూశాను.

మీ విషయంలో అసలు చిక్కు డీటీపీ. తెలుగు టైపింగ్‌కు వాడే అను స్క్రిప్ట్, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ లినక్స్‌లో నేరుగా నడవవు. యూనికోడ్ (ఫోన్లలో, నెట్‌లో కనిపించే తెలుగు) టైపింగ్‌కు ఢోకా లేదు గానీ, పెళ్లిపత్రికల పని యూనికోడ్‌తో గడవదు కదా! కాబట్టి విండోస్‌ను తీసేయకండి. సపోర్ట్ ఆగిపోయింది గనుక దాన్ని నెట్ లేకుండా డీటీపీకి ఉంచుకుని, పక్కనే మింట్ వేసుకుని నెట్ పనులన్నీ అందులో చూసుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘ఎరేజ్ డిస్క్’ అన్న దగ్గర చెయ్యి ఆగాలి. లోపల ఇంకా పాత హార్డ్‌డిస్కే ఉంటే, ముందు ఎస్‌ఎస్‌డీ (అంతకంటే బాగా వేగంగా పనిచేసే డిస్క్) వేయించండి. కొత్త ల్యాప్‌టాప్ ఆలోచన అక్కడితో ఆగిపోవచ్చు.

ప్రశ్న: విజయవాడ పటమట నుంచి రాస్తున్నాను. పెన్‌డ్రైవ్‌తో లినక్స్ చూసి మళ్లీ విండోస్‌లోకి వచ్చాక గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోయింది. బ్యాటరీ సెల్ పోయిందా?

జవాబు: సెల్ బాగానే ఉంది. మదర్‌బోర్డు గడియారాన్ని విండోస్ మన టైమ్ అనుకుంటుంది, లినక్స్ గ్రీనిచ్ టైమ్ అనుకుని సరిచేస్తుంది. ఆ రెండింటికీ తేడా సరిగ్గా 5.30 గంటలు. సెట్టింగ్స్‌లో డేట్ అండ్ టైమ్‌కు వెళ్లి ‘సింక్ నౌ’ నొక్కండి.