లండన్ రాయల్ అకాడమీ ఆఫ్ ఆర్ట్స్‌ను నడిపేది రాజకుటుంబమా, ప్రభుత్వమా?

రెండూ కాదు, దాన్ని నడిపేది అందులో సభ్యులైన చిత్రకారులు, శిల్పులు, ఆర్కిటెక్టులే.

పేరులో 'రాయల్' ఉండడానికి కారణం దాని పుట్టుక. అప్పట్లో లండన్‌లో కళాకారులకు ఒక సంఘం ఉండేది, కానీ అందులో ముఠా తగాదాలు ముదిరాయి. బయటికొచ్చిన వాళ్లలో ఒకరైన ఆర్కిటెక్ట్ విలియం చాంబర్స్‌కు రాజు మూడో జార్జి దగ్గర చనువుంది. ఆయన అడగ్గా, 1768 డిసెంబర్ 10న రాజు స్థాపన పత్రంపై సంతకం చేశాడు. సభ్యులు 40 మందికి మించకూడదన్నది అందులోని నిబంధన. చిత్రకారుడు జాషువా రెనాల్డ్స్ మొదటి అధ్యక్షుడయ్యాడు. తొలి ఏళ్లలో లోటు వస్తే రాజు సొంత ఖజానా నుంచి పూడ్చిన మాట నిజమే, కానీ ఆ అవసరం ఎక్కువకాలం కొనసాగలేదు.

ఎందుకంటే రాబడికి వాళ్లే దారి చూసుకున్నారు. 1769 నుంచి ఏటా జరుగుతున్న 'సమ్మర్ ఎగ్జిబిషన్' చూడండి. ఫీజు కట్టి ఎవరైనా తమ పనిని పరిశీలనకు పంపొచ్చు, ఏది గోడెక్కాలో సభ్యులు తేలుస్తారు. టికెట్ల డబ్బు, అమ్మకాల్లో వాటా అకాడమీకే. అక్కడి ఆర్ట్ స్కూల్లో ట్యూషన్ ఫీజు లేకపోవడానికి ఈ ఆదాయమూ ఒక ఆధారం.

చాలామంది దీన్ని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌తో కలిపేసి సర్కారు సంస్థ అనుకుంటారు. ఆ కాలేజీ వేరు: 1837లో ప్రభుత్వం డిజైన్ స్కూల్‌గా మొదలుపెట్టింది దాన్నే.