మడిచిన విస్తరి, ఎత్తని విస్తరి

ప్రశ్న: మా అమ్మాయికి 24 ఏళ్లు. లూపస్ అని తేలింది. చనిపోయిన కణాలను శరీరం సరిగా తొలగించకపోవడం కూడా ఒక కారణమని డాక్టరు అన్నారు. చచ్చిన కణం ఏం చేయగలదు? స్కూటరు మీద ఎండలో ఆఫీసుకు వెళ్లివస్తే బుగ్గలు ఎర్రబడుతున్నాయి. దానికీ దీనికీ సంబంధం ఉందా?
– ఒక తల్లి, పెరంబూరు, చెన్నై

జవాబు: అమ్మా, లూపస్ అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు. నా చదువు రోజుల్లో దాని పరీక్ష వేరుగా ఉండేది. గడ్డకట్టిన రక్తాన్ని జల్లెడలో నలిపి, కాసేపు వెచ్చగా ఉంచి, గాజుపలక మీద పూసి, రంగు వేసి చూసేవాళ్లం. పొట్టనిండా ఊదారంగు ముద్దతో ఒక తెల్లకణం కనిపించేది. ఆ ముద్ద చనిపోయిన మరో కణపు కేంద్రకం. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో హార్‌గ్రేవ్స్ బృందం ఈ కణాన్ని వర్ణించింది. మేం దొరికినవి లెక్కపెట్టి రిపోర్టు రాసేవాళ్లం. ఆ కేంద్రకం బయట ఎందుకు పడి ఉందని మాలో ఒక్కరూ అడగలేదు. మీరు అడిగారు.

మన ఒంట్లో రోజూ వేల కోట్ల కణాలు చనిపోతాయి. విందులో తినడం ముగిశాక విస్తరి మడుస్తాం కదా, కణమూ అదే చేస్తుంది. పొర లోపలివైపు ఉండే ఫాస్ఫాటిడైల్‌సెరీన్ అనే కొవ్వును బయటికి తిప్పుతుంది. ఆ గుర్తు చూసి మాక్రోఫేజ్ కణాలు దాన్ని చడీచప్పుడు లేకుండా మింగేస్తాయి.

ఎత్తడం ఆలస్యమైతే కణం చిట్లుతుంది. కేంద్రకంలోని డీఎన్‌ఏ బయటపడుతుంది. రోగనిరోధక వ్యవస్థ దాన్ని వైరస్‌ది అనుకుని గోల మొదలుపెడుతుంది, సొంత కేంద్రకం మీదే యాంటీబాడీలు తయారవుతాయి. మీ అమ్మాయికి చేసిన ఏఎన్ఏ పరీక్ష వెతికేది వాటినే. సీ1క్యూ అనే ప్రొటీను చనిపోయిన కణాలను ఎత్తడానికి సాయపడుతుంది. పుట్టుకతోనే అది లేనివాళ్లలో చాలామందికి లూపస్ వస్తుంది. అలాంటివారు బహు అరుదు. మిగతా రోగుల్లో వంశం, హార్మోన్లు, మరెన్నో కలుస్తాయి. మీ పెంపకంలోనో వంటలోనో లోపం వెతుక్కోకండి.

ఇక ఎండ. సంబంధం ఉంది. అతినీలలోహిత కిరణాలకు చర్మకణాలు చనిపోతాయి. అప్పటిదాకా లోపల దాగిన రో వంటి ప్రొటీన్లు వాటి పైపొర మీదికి వస్తాయి, యాంటీబాడీలు వచ్చి అక్కడ అతుక్కుంటాయి. చెన్నై ఎండకు చున్నీ ఒక్కటే చాలదు. పొడుగు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్ కావాలి. వీలైతే స్కూటరు మాని లోకల్ రైలెక్కమనండి. మీ పెరంబూరులో స్టేషనుంది కదా.

లూపస్‌కు ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందు రాసి ఉంటే బాగున్నానని ఆపనివ్వకండి. ఈ యాంటీబాడీల ముద్దలు మూత్రపిండాల్లో నొప్పి తెలియకుండానే చేరతాయి. అందుకే డాక్టరు చెప్పినప్పుడల్లా మూత్రంలో ప్రొటీను పరీక్ష చేయించండి.