గాస్-సైడల్‌లో విలువలు పేలిపోతుంటే ముందు ఏం చూడాలి?

ఒక అంచనాతో మొదలుపెట్టి, రౌండ్ రౌండ్‌కూ విలువల్ని సరిదిద్దుకుంటూ సమీకరణాల్ని సాధించే గాస్-సైడల్ పద్ధతి టెక్స్ట్‌బుక్ లెక్కకు ఇట్టే కుదిరింది, సొంత సమీకరణాలకు మాత్రం విలువలు కోట్లలోకి ఎగబాకుతున్నాయి, ఏ పద్ధతికి మారాలి అని అడిగారు. పద్ధతి సంగతి తర్వాత. ముందు సమీకరణాలు ఏ వరుసలో రాశారో చూడండి.

ఈ చిన్న లెక్క చేతితో చేసి చూడండి: 4ఎక్స్ + వై = 9, ఎక్స్ + 3వై = 5. జవాబు 2, 1. సున్నాతో మొదలుపెట్టి, మొదటి దాంట్లోంచి ఎక్స్, రెండో దాంట్లోంచి వై తీస్తే తొలి రౌండ్‌లో 2.25, 0.917 వస్తాయి. రెండో రౌండ్‌కే 2.021, 0.993. ఇక నుంచి ప్రతి రౌండ్‌కూ తేడా 12వ వంతుకు పడిపోతుంది. ఇప్పుడు ఆ రెండు సమీకరణాల్నే తారుమారు చేసి, ఎక్స్ + 3వై = 5 లోంచి ఎక్స్ తీయండి: 5, -11, తర్వాత 38, -143. తేడా రౌండ్‌కు 12 రెట్లు పెరుగుతోంది! జవాబు మారలేదు, వరుస మారిందంతే.

సమీకరణాల గుణకాల్ని పట్టికగా, అంటే మాత్రికగా రాస్తే, ప్రతి అడ్డు వరుసలోనూ వికర్ణం మీది సంఖ్య (మొదటి దాంట్లో ఎక్స్‌ది, రెండో దాంట్లో వైది), గుర్తు వదిలేసి చూస్తే, మిగతావాటి మొత్తం కంటే పెద్దదైతే జాకోబీ (రౌండ్ పూర్తయ్యాకే కొత్త విలువలు వాడే పద్ధతి), గాస్-సైడల్ రెండూ తప్పక కన్వర్జ్ అవుతాయి, అంటే జవాబుకు చేరతాయి. అలా లేకపోయినా ఒక్కోసారి అవుతాయి, కానీ హామీ లేదు. మాత్రిక సౌష్ఠవంగా (వికర్ణానికి రెండువైపులా ఒకేలా), పాజిటివ్ డెఫినిట్‌గా (ఐగన్ విలువలన్నీ సున్నా కంటే పెద్దవిగా) ఉంటే గాస్-సైడల్‌కు హామీ ఉంది, జాకోబీకి లేదు.

తెలియని రాశులు కొన్ని వందలే అయితే, నా మాట విని, ఇవన్నీ వదిలేసి నేరుగా ఎలిమినేషన్ (రాశుల్ని ఒక్కొక్కటిగా తొలగిస్తూ పోయే పద్ధతి) చేసేయండి. నేను ఉష్ణ ప్రసరణ లెక్కలకు కోడ్ రాసేటప్పుడు ఈ పద్ధతుల అవసరం పడింది. 100 × 100 గ్రిడ్ అంటే 10,000 రాశులు. మాత్రిక మొత్తం దాచాలంటే 10 కోట్ల గళ్లు, అందులో సున్నా కానివి 50,000 కూడా ఉండవు. అయితే అలాంటి గ్రిడ్ మీద తప్పును పది లక్షో వంతుకు తేవడానికి జాకోబీకి దాదాపు 28,000 రౌండ్లు పడతాయి, గాస్-సైడల్‌కు అందులో సగం. గాస్-సైడల్ చేసే ప్రతి సవరణనూ ఒమేగా రెట్లు చేసి వేసే ఎస్ఓఆర్ పద్ధతిలో ఆ ఒమేగా 1.94 దగ్గర సరిగ్గా కుదిరితే కొన్ని వందలతో సరి. ఆ ఒమేగా వెతకడమే ఒక తలనొప్పి. అందుకే నేను కాంజుగేట్ గ్రేడియంట్‌కు మారిపోయాను. గణితవేత్తలు హెస్టెనెస్, స్టీఫెల్ 1952లో ప్రచురించిన పద్ధతి అది. దానికీ కొన్ని వందల రౌండ్లే, ఏ పరామితీ వెతకక్కర్లేదు. కాకపోతే మాత్రిక సౌష్ఠవంగా, పాజిటివ్ డెఫినిట్‌గా ఉండాలి. సౌష్ఠవం లేకపోతే జీఎంఆర్ఈఎస్ అనే పద్ధతి చూడండి. రెంటికీ మంచి ప్రీకండిషనర్ (సమీకరణాల్ని తేలిగ్గా కుదిరే రూపంలోకి మార్చే మాత్రిక) తోడైతే వేగంలో తేడా మీకే తెలుస్తుంది.

ఇంకొకటి, ఎక్కడ ఆపాలన్నది. వరుస రెండు రౌండ్ల తేడా చిన్నదైందని ఆపేస్తే పప్పులో కాలేసినట్టే. పై గ్రిడ్ మీద జాకోబీ తప్పు రౌండ్‌కు 0.9995 రెట్లే అవుతుంది కాబట్టి, తేడా 0.000001 కనిపించినా అసలు తప్పు దానికి 2,000 రెట్లు ఉండొచ్చు. వచ్చిన విలువల్ని తిరిగి సమీకరణాల్లో వేసి, కుడివైపు సంఖ్యలకు ఎంత దూరంలో ఉన్నాయో కొలవండి. మాత్రిక కండిషన్ బాగా లేకపోతే (అంకెల్లో చిన్న తేడా జవాబులో పెద్ద తేడా తెస్తుంటే) అదీ పూర్తిగా నమ్మదగ్గది కాదు, అయినా రౌండ్ల తేడా కంటే మేలు.

మీ మాత్రిక సైజెంత, సౌష్ఠవం ఉందా లేదా రాస్తే ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.