పాత మిద్దెలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది తాతగారి నాటి మిద్దె ఇల్లు. టేకు దూలాలు, వాటి మీద ఇటుక, సున్నం. 2013లో ఫైలిన్ తుఫానుకి కురవడం మొదలెడితే మిద్దె మీద రెండంగుళాల సిమెంటు కాంక్రీటు పోయించి, గోడలకి కూడా సిమెంటు పూత వేయించాం. ఇప్పుడు గోడలు నడుమెత్తు దాకా ఉబ్బి పెచ్చులూడుతున్నాయి. మేస్త్రి అదంతా చెక్కేసి వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటు పూద్దామంటున్నాడు. చేయించమంటారా?
— ఒక గృహిణి, బరంపురం

జవాబు: వద్దండి. గోడ పాడైంది ఆ పూత వల్లే. పాత గోడ పునాదిలోంచి చెమ్మ పీల్చుకుంటుంది. సున్నం పూత ఉన్నన్నాళ్ళూ ఆ చెమ్మ కింద అడుగు, అడుగున్నర ఎత్తులోనే ఆరిపోయేది. సిమెంటు దాన్ని బయటికి పోనివ్వదు కాబట్టి అది పైపైకి ఎక్కుతుంది, నేలలోని ఉప్పుని కూడా వెంట మోసుకుపోతుంది. నీరు ఆరినచోట ఉప్పు గడ్డకట్టి ఉబ్బుతుంది. పూత వెనక ఇటుక పొడిపొడిగా రాలేది అందుకే. ఇంకా గట్టి పూత వేస్తే ఉబ్బు భుజాలెత్తుకి చేరుతుంది, అంతే.

ముందు గోడకి ఫోటోలు తీసి, ఉబ్బు ఎంత ఎత్తుందో కొలిచి, తేదీతో రాసి పెట్టుకోండి. తరవాత సుత్తి, ఉలితో సిమెంటు చెక్కించండి. బ్రేకర్ మిషను పెడితే మెత్తటి పాత ఇటుక ముఖం కూడా ఊడొస్తుంది. చెమ్మ గీత పైన మరో అడుగు దాకా తీసేయాలి. వానలు వెనకబట్టాక ఈ పని పెట్టుకుని, గోడని రెండు మూడు నెలలు అలాగే వదిలేయండి. తేలిన ఉప్పుని పొడి బ్రష్షుతో దులిపి చేటలోకి ఎత్తి పారేయండి. నీళ్ళతో కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది.

ఇక సున్నం. రాతి సున్నం దొరికితే మంచిది. గుంటలో ముందు నీళ్ళు పోసి, అందులోకి గడ్డలు కొద్దికొద్దిగా వేయాలి. గడ్డల మీద నీళ్ళు పోస్తే ఎగిరి కళ్ళలో పడుతుంది. మంచి గడ్డ నిమిషాల్లో కుతకుత ఉడుకుతుంది. ఉడకనిది గాలి తగిలి చచ్చిన సున్నం, వెనక్కిచ్చేయండి. ఉడికినదాన్ని వడగట్టి, పైన నీళ్ళు నిలిచేలా కనీసం మూడు వారాలు మాగనివ్వండి. తడి సున్నం ఒక పాలు, మెత్తటి ఇటుకపొడి ఒక పాలు, జల్లించిన ఏటి ఇసుక రెండు పాళ్ళు కలపాలి. సముద్రపు ఇసుక పనికిరాదు, అందులోనూ ఉప్పే. గోడ తడిపి మొదటి పూత అర అంగుళానికి మించకుండా వేయించండి. అది బిగిశాక అంతకంటే పలచగా రెండోది. మొత్తం పదిరోజులు తడి గోనెలు కట్టి ఉంచాలి. ఎండకి తొందరగా ఆరితే సున్నం గట్టిపడదు, నెర్రెలిస్తుంది. ముందు ఓ మూలన రెండడుగుల చదరం వేయించి నెల్లాళ్ళు చూడండి. సున్నంలో కలిపే కరక్కాయ, బెల్లం నీళ్ళ గురించి అందరూ అడుగుతారు. మేలు చేస్తాయి, కానీ సున్నం సరిగా మాగకపోతే వాటివల్ల ఒరిగేది లేదు. బెల్లం ఎక్కువైతే చీమలు పడతాయి.

మిద్దె సంగతి దీనికంటే తొందరైనది. మీ పైకప్పుని మద్రాసు టెర్రస్ అంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోదే కాబట్టి ఈ పద్ధతి అక్కడా ఉంది. దూలాల మీద పలచని ఇటుకలు నిలువుగా, ఐమూలగా పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నం కాంక్రీటు వేసి కొట్టేవారు. ఆ పైన మీరు పోయించిన రెండంగుళాలు పది బై పన్నెండు గది మీద దాదాపు 1,350 కిలోల బరువు. ఆ బరువంతా గోడలో కూరుకున్న దూలం కొసల మీదే పడుతుంది, ముందు పుచ్చేవీ అవే. స్క్రూడ్రైవరుతో ప్రతి కొసా పొడిచి చూడండి. అరంగుళం దిగితే ఆ దూలం కింద వెంటనే పోటు (ఆసరా గుంజ) పెట్టించి, ఇంజనీరుకి చూపించండి. పైనున్న సిమెంటుని ఇంజనీరు వచ్చి చూడకుండా పగలగొట్టకండి. దెబ్బల అదురుకే కింద ఇటుకలు జారొచ్చు.

ప్రశ్న: మా వీధిలో పాత ఇళ్ళు ఒక్కొక్కటే పడగొడుతున్నారు. ఆపే శక్తి మాకు లేదు. పోయేలోగా కనీసం కొలతలు, బొమ్మలు తీసి ఉంచుదామని ముగ్గురం అనుకుంటున్నాం. డ్రోన్లూ స్కానర్లూ లేవు. ఎలా మొదలెట్టాలి?
— కాలేజీ విద్యార్థులు, పర్లాకిమిడి

జవాబు: ముగ్గురు చాలు. ఇద్దరు టేపు పట్టండి, ఒకరు రాయండి. రాసేవారు మారకూడదు. 30 మీటర్ల టేపు, 5 మీటర్ల టేపు, గ్రాఫు కాగితం, మట్టం చూడ్డానికి మేస్త్రిలు వాడే నీళ్ళ గొట్టం, దారానికి కట్టిన గుండు. ఇంతే సరంజామా.

ముందు ఇల్లంతా తిరిగి చేత్తో ప్లాను గీయండి, అంకెలు తరవాత. కొలిచేటప్పుడు గోడ ఒక కొసన టేపు సున్నా పెట్టి, టేపు ఎత్తకుండా తలుపు అంచు, కిటికీ అంచు, స్తంభం, గోడ చివర ఎక్కడెక్కడ పడ్డాయో వరసగా చదవండి. ముక్కముక్కగా కొలిచి కూడితే పావంగుళం తప్పులు పోగై చివరికి అరడుగు తేడా వస్తుంది. ప్రతి గదికీ రెండు ఐమూలలూ (ఒక మూల నుంచి ఎదుటి మూలకి) కొలవడం తప్పనిసరి. పది బై పన్నెండు గది ఐమూల 15 అడుగుల 7½ అంగుళాలు ఉండాలి. ఒకటి 15-4, ఇంకోటి 15-11 వచ్చిందంటే మీ టేపు తప్పు కాదు, గది వాలుగా ఉంది. ఉన్నది ఉన్నట్టే గీయండి. పాత ఇంటిని స్కేలు పెట్టి సరిచేయడం కొత్తవాళ్ళు చేసే పెద్ద తప్పు. ఉమ్మడి గోడ మందం గుమ్మం దగ్గర దొరక్కపోతే, పక్కింటి ప్లాను కూడా గీసి, రెండిళ్ళ బయటి మొత్తం కొలతలోంచి లోపలి కొలతలు, మిగతా గోడల మందాలు తీసేయండి.

ఎత్తులకి నీళ్ళ గొట్టంతో ఇల్లంతా ఒకే మట్టాన సుద్ద గీత పెట్టి, అక్కణ్ణుంచి పైకీ కిందికీ కొలవండి. ప్లాను 1:50 స్కేలులో (అసలులో యాభయ్యో వంతు), తలుపులు 1:20లో గీయండి. తలుపు చట్రం మీది వంపులకి మెత్తటి అల్యూమినియం తీగని నొక్కి, వంచి, తీసి కాగితం మీద పెట్టి పెన్సిలుతో గీస్తే అసలు సైజే వచ్చేస్తుంది.

ఫోటోలు మబ్బు రోజున తీయండి. ఫోన్లో వైడ్ లెన్సు వద్దు, గోడలు వంగుతాయి. గోడకి ఎదురుగా నిలబడి, నలుపు తెలుపు పట్టీలు వేసిన రెండడుగుల కర్ర ఫోటోలో కనపడేలా పెట్టండి. 3డి మోడలు చేసే ఆలోచన ఉంటే ప్రతి ఫోటోలో ముందు ఫోటో మూడింట రెండు వంతులు కనపడాలి. ఫోటో నంబరు, తీసిన వైపు బాణంతో ప్లాను మీద అదే రోజు రాయండి. వారం పోతే ఏ కిటికీ ఏ గదిదో మీకే తెలీదు.

ఇంట్లో పెద్దలు దేన్ని ఏమంటారో కూడా రాసుకోండి. మనం అరుగు అన్నదాన్ని ఒడియావాళ్ళు పిండా అంటారు, రెండూ ఉండాలి. పాత దస్తావేజులుంటే ఫోటో తీసుకోండి. 1936కి ముందువి కావాలంటే భువనేశ్వర్ ఒక్కటే కాదు, చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ కూడా చూడాలి. ఒక జాగ్రత్త: చెక్కిన తలుపుల ఫోటోలు చిరునామాతో ఆన్‌లైన్లో పెట్టకండి. అవి ముందుగా చూసేది పాత సామాను బేరగాళ్ళు.

ప్రశ్న: కోట గోడకి దగ్గర్లో మాకు పాత ఇల్లుంది. మరమ్మతుకి పర్మిషన్ కావాలా?
— ఒక పాఠకుడు, చంద్రపూర్

జవాబు: కోట గోడలో ఆ భాగం కేంద్ర పురావస్తు శాఖ జాబితాలో ఉందేమో ముందు తేల్చుకోండి. ఉంటే, పురాతన కట్టడాల రక్షణకి చేసిన 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్లలోపు కొత్త కట్టడం నిషేధం, ఆ పైన 200 మీటర్లలో అనుమతితోనే. కొలిచేది గోడ నుంచి కాదు, రక్షిత స్థలం హద్దు నుంచి. 1992 జూన్ 16కి ముందే ఉన్న ఇల్లయితే 100 మీటర్లలోపైనా మరమ్మతుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ తేదీకి ముందటి ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు జత చేయండి. రాష్ట్ర జాబితాలోదైతే 1960 నాటి మహారాష్ట్ర చట్టం వర్తిస్తుంది.

ప్రశ్న: మా ఊరి నూతి దగ్గర తెలుగు అక్షరాలున్న రాయి ఉంది. చదవడానికి వీలుగా అక్షరాల్లో రంగు నింపుదామంటున్నారు.
— గుణుపురం

జవాబు: నింపకండి. రంగు వేసేవాడు తనకి తోచిన అక్షరమే దిద్దుతాడు, తరవాత వచ్చేవాళ్ళకి అదే కనపడుతుంది. యాసిడ్, ఇనుప బ్రష్షు కూడా వద్దు. మంచినీళ్ళు, మెత్తటి బ్రష్షు చాలు. చీకటి పడ్డాక టార్చిలైటుని రాతికి పక్కనుంచి దాదాపు ఆనించినట్టు పట్టి, నాలుగు వైపుల నుంచీ నాలుగు ఫోటోలు తీయండి. పగలు కనపడని గీతలు నీడతో లేస్తాయి. కనపడింది కనపడినట్టు, పంక్తికి పంక్తిగా రాయండి. తెలియనిచోట చుక్కలు పెట్టండి, ఊహించి పూరించకండి. తడి కాగితం అద్ది సిరాతో అచ్చు తీసే పని తెలిసినవాళ్ళకే వదిలేయండి. పురావస్తు శాఖ శాసన విభాగం మైసూరులో ఉంది. ఫోటోలు, రాయి కొలతలు, ఊరి పేరు రాసి వాళ్ళకి పంపండి.