చెన్నైలో నేర్చుకున్న డైవింగ్‌తో స్కాపా ఫ్లోలో 18 మీటర్ల లోతున్న యుద్ధనౌక దగ్గరికి దిగొచ్చా?

మీరు అడిగింది ఇది: చెన్నైలో ఉంటున్నారు, కోవలంలోనూ పుదుచ్చేరిలోనూ కలిపి 25 డైవ్‌లు చేశారు, ఓపెన్ వాటర్ అనే మొదటి స్థాయి డైవింగ్ కార్డు ఉంది. మే నెలలో పనిమీద స్కాట్లండ్ వెళ్తున్నారు. అక్కడ ఆర్క్‌నీ దీవుల మధ్యనున్న స్కాపా ఫ్లో అనే సముద్రపు రేవులో ఎఫ్2 అనే జర్మన్ నౌక 18 మీటర్ల లోతులోనే ఉంది, కార్డు కూడా 18 వరకు చెల్లుతుంది, ఇంకేం కావాలి?

కార్డు చెల్లుతుందండి. ఇక్కడి అలవాట్లు అక్కడ చెల్లవు. లోతు గురించి కంగారు అక్కర్లేదు. చలి, ఆ చలి కోసం తొడుక్కునే డ్రైసూట్ (నీళ్లు లోపలికి రానివ్వని సూట్), నీళ్లలో వెంట గైడు రాకపోవడం, ఇబ్బంది పెట్టేవి ఇవే. కోవలంలో ఇన్‌స్ట్రక్టర్ వెనకాల వెళ్తే సరిపోతుంది. అక్కడ స్కిప్పర్, అంటే పడవ నడిపేవాడు, మిమ్మల్ని ఓడ దాకా దిగే తాడు దగ్గర దింపి పైనే ఉంటాడు. కింద మీరూ మీ బడ్డీ (జంటగా దిగే డైవర్), అంతే.

ముందు ఏ ఓడో తేల్చుకుందాం. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవు మీద గుండ్లు కురిపించిన జర్మన్ యుద్ధనౌక ఎండెన్ సంగతి చెన్నైలో ఉన్నవాళ్లకి కొత్త కాదు, హైకోర్టు దగ్గర ఫలకం కూడా ఉంది. ఆ పేరు విని కొందరు స్కాపాలో ఎండెన్ ఉందా అని అడుగుతుంటారు. లేదు. పాతది కోకోస్ దీవుల దగ్గర పోయింది. అదే పేరుతో కట్టిన రెండోది, మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ ఓడాక, మిగతా జర్మన్ దళంతో పాటు స్కాపాలో బందీగా ఉండేది. 1919 జూన్ 21న జర్మన్లు తమ నౌకల్ని తామే ముంచేసుకుంటే 74లో 52 మునిగాయి, ఎండెన్‌ని మాత్రం బ్రిటిష్‌వాళ్లు మునక్కుండా ఒడ్డుకి లాగేశారు. ఇప్పుడు అడుగున మిగిలిన పెద్దవి ఏడు: మూడు బ్యాటిల్‌షిప్‌లు, నాలుగు క్రూజర్లు. సుమారు 25 నుంచి 45 మీటర్ల లోతు. అవి మీకు ఇప్పుడే వద్దు.

ఎఫ్2 ఆ దళంలోది కాదు, రెండో ప్రపంచయుద్ధపు ఎస్కార్ట్ నౌక. యుద్ధం అయ్యాక లంగరు వేసి ఉంచితే 1946లో మునిగిపోయింది. ముందు భాగం ఎడమ పక్కకి ఒరిగి దాదాపు అలాగే ఉంది, ఫిరంగితో సహా. వెనక భాగాన్ని ఇనుము కోసం విరగ్గొట్టేశారు. అలా తీసిన సామాను మోస్తూ మునిగిన బార్జ్ ఒకటి పక్కనే ఉంటుంది. రెంటి మధ్యా తాడు ఉందో లేదో ఆ రోజు స్కిప్పర్‌నే అడగండి.

ఇక డ్రైసూట్. రోహిణి కార్తె ఎండల్లోంచి వెళ్లి 8, 9 డిగ్రీల నీళ్లలో దిగుతున్నారు, నీళ్లు లోపలికి వచ్చే వెట్‌సూట్ మాటే ఎత్తొద్దు. డ్రైసూట్ లోపల ఉండేది గాలి, అది లోతుతో పాటు నలుగుతుంది, పైకొస్తే ఉబ్బుతుంది. 18 మీటర్ల నుంచి పైకి వచ్చేసరికి అది 2.8 రెట్లు అవుతుంది. అందులోనూ ఆఖరి 10 మీటర్లలోనే రెట్టింపు. అందుకే తక్కువ లోతు సులువనుకోవడం పొరపాటు. డ్రైసూట్‌లో బాణంలా పైకి ఎగిరిపోయేది ఎక్కువగా ఆ ఆఖరి 10 మీటర్లలోనే. దిగేటప్పుడు సూట్‌లోకి గాలి పంపే ఛాతీ మీది వాల్వ్‌ని చిన్న చిన్న నొక్కులు నొక్కాలి, పట్టుకుని ఉండకూడదు. పైకొచ్చేటప్పుడు ఎడమ భుజం కింద ఉన్న, గాలి వదిలే డంప్ వాల్వ్‌ని పూర్తిగా విప్పి మోచెయ్యి పైకెత్తాలి. గాలి కాళ్లలోకి పోయి తలకిందులైతే ఆ వాల్వ్ పనిచేయదు, ఎందుకంటే అప్పుడు అది గాలికంటే కింద ఉంటుంది. మోకాళ్లు ఛాతీకి ముడిచి పల్టీ కొట్టి తల పైకి తెచ్చుకుంటే తప్ప గాలి బయటికి పోదు. దీన్ని ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగా నాలుగైదుసార్లు చెయ్యకుండా ఏ ఓడ దగ్గరికీ వెళ్లొద్దు.

సూట్‌లోకి నీళ్లు వచ్చే దారులు చిన్నవి. మెడకి బిగుతుగా పట్టే రబ్బరు సీల్ కింద వెంట్రుక ఒక్కటి చిక్కినా కారుతుంది. పిడికిలి గట్టిగా బిగిస్తే మణికట్టు నరాలు ఉబ్బి వాటి పక్కన సన్నని కాలవ పడుతుంది, అందులోంచి నీళ్లు మోచేతి దాకా వస్తాయి. జిప్ కొస అర అంగుళం మూసుకోకపోయినా సూటంతా నీళ్లే, బడ్డీని పట్టి లాగి చూడమనండి. లోపల నూలు బనియన్ కూడా వద్దు, చెమట పట్టుకుని ఆరదు. ఉన్ని గానీ సింథటిక్ గానీ వేసుకోండి.

ఇక్కడ 3 మిల్లీమీటర్ల సూట్‌తో తేలకుండా కట్టుకునే సీసం 4 కిలోలు సరిపోయినవాళ్లకి అక్కడ 10 నుంచి 14 కిలోలు పట్టొచ్చు. సిలిండర్ స్టీలుదైతే కొంత తగ్గుతుంది. ఈ బరువు సరిచూడాల్సింది డైవ్ మొదట్లో కాదు, సిలిండర్‌లో 50 బార్ (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత) మిగిలినప్పుడు. 12 లీటర్ల సిలిండర్‌లో 150 బార్ వాడేస్తే 2 కిలోలకి పైగా తేలికవుతారు, అప్పుడు 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు కదలకుండా నిలబడగలగాలి.

సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ అద్దెకి తీసుకుంటే దాని మీది ఈఎన్ 250 అనే యూరప్ ప్రమాణం గుర్తు పక్కన ఏముందో చదవండి. '10 డిగ్రీల పైన' అని ఉంటే వద్దనండి. 200 బార్ గాలి మొదటి స్టేజిలో (రెగ్యులేటర్‌లో సిలిండర్‌కి బిగించే భాగం) ఒక్కసారిగా వ్యాకోచించి సున్నా కంటే బాగా కిందికి చల్లబడుతుంది. చుట్టూ నీళ్లు కూడా చల్లగా ఉంటే లోపల మంచు పట్టి వాల్వ్ తెరుచుకునే ఉండిపోతుంది. దాన్నే ఫ్రీ ఫ్లో అంటారు, సిలిండర్ నిమిషాల్లో ఖాళీ. పడవ మీద చల్లగాలిలో పీల్చి చూడటం, గాలిని బలంగా వదిలే పర్జ్ బటన్ నొక్కడం, గాలి పీలుస్తూనే బీసీడీ (తేలడానికి గాలి నింపే జాకెట్) నింపడం, ఈ మూడూ దాన్ని తెచ్చిపెట్టేవే. అయినా వస్తే మౌత్‌పీస్‌ని పెదవుల మధ్య సగం వదులుగా పెట్టుకుని పొంగే గాలినే పీలుస్తూ బడ్డీ ఆక్టోపస్ (అదనపు మౌత్‌పీస్) అందుకోండి, తర్వాత బడ్డీ మీ సిలిండర్ వాల్వ్ మూస్తాడు. 3 లీటర్ల పోనీ సిలిండర్, అంటే అత్యవసరానికి అదనపు చిన్న సిలిండర్, అద్దెకి దొరికితే డబ్బు చూసుకోకండి.

గాలి లెక్క కూడా మారుతుంది. 18 మీటర్ల దగ్గర ఒత్తిడి 2.8 బార్, పైనుండే దానికి 2.8 రెట్లు. కోవలంలో నిమిషానికి 18 లీటర్లు పీల్చే మనిషి చలిలో 25 పీల్చాడనుకోండి, అక్కడ అది 70 లీటర్లు. 12 లీటర్ల సిలిండర్‌లో 200 నుంచి 70 బార్ వరకు వాడితే 1560 లీటర్లు, అంటే 22 నిమిషాలు. ఆ 70 బార్ పైకి రావడానికి, ముట్టుకోకండి. వీలైతే 15 లీటర్లది అడగండి.

తలకి తొడుక్కునే హుడ్ చెవులకి అతుక్కుపోయి ఒక చెవిలోకే ముందు చల్లనీళ్లు దూరితే కళ్లు తిరుగుతాయి. తల ముంచగానే హుడ్ అంచు లాగి రెండు వైపులా కాసిని నీళ్లు పోనివ్వండి, సర్దుకుంటుంది.

ఓడ లోపలికి వద్దు. పక్కకి ఒరిగిన ఓడలో గోడ నేలవుతుంది, నేల గోడవుతుంది, తుప్పు రేకులు తగిలితే ఊడతాయి. మెత్తటి బురద ఒక్క ఫిన్ తన్నుకి లేచి వచ్చిన దారి కనబడకుండా చేస్తుంది. కప్పలా పక్కకి తన్నడం వస్తేనే దగ్గరికి వెళ్లండి. ఏదీ తియ్యొద్దు. పెద్ద ఏడింటికీ చట్టం కింద రక్షణ ఉంది. 1939 అక్టోబరు 14న జర్మన్ జలాంతర్గామి యూ-47 ముంచిన బ్రిటిష్ యుద్ధనౌక రాయల్ ఓక్ యుద్ధసమాధి, అక్కడ డైవింగే నిషేధం.

చెన్నైలో ఉండగానే చేసుకోగలిగినవి ఉన్నాయి. బకెట్లో ఐస్ వేసి మాస్క్ లేకుండా ముఖం ముంచి స్నార్కెల్‌తో రెండు నిమిషాలు పీల్చండి, మొదటి అరనిమిషం ఊపిరి బిగుసుకుంటుంది, తర్వాత దారికొస్తుంది. ఇంట్లో ఎవరో ఒకరు పక్కనుండాలి. గిన్నెలు తోమే రబ్బరు గ్లోవ్స్ రెండు జతలు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని బోల్ట్ స్నాప్ (డైవర్లు సామాను తగిలించుకునే కొక్కెం) తీసి పెట్టండి. స్విమ్మింగ్ పూల్‌లో అవే గ్లోవ్స్‌తో తాడు చుట్టిన రీల్ పట్టుకుని మార్కర్ బాయ్, అంటే మీరెక్కడున్నారో పైవాళ్లకి చూపించే గాలి తిత్తి, పైకి వదలండి. రీల్ బిగుసుకుంటే వదిలెయ్యాలి, పట్టుకుంటే అది మిమ్మల్నీ లాక్కుపోతుంది.

నన్నడిగితే ఎఫ్2 మొదటి రోజు కాదు. ముందు డ్రైసూట్ కోర్సు, తర్వాత దీవుల్ని కలిపే చర్చిల్ బారియర్లనే అడ్డుకట్టల పక్కన ముంచిన బ్లాక్‌షిప్‌లు, అంటే శత్రునౌకలు రాకుండా దారికి అడ్డంగా ముంచిన ఓడలు. అవి 10 మీటర్లలోపే, ఒడ్డు నుంచే దిగొచ్చు, చలేస్తే నడిచి బయటికి రావచ్చు. అవీ బ్లాక్‌షిప్‌లే కదా అని బుర్రా సౌండ్ అనే జలసంధికి వెళ్లకండి, అక్కడ ప్రవాహం ఆగే కాస్తసేపే దిగాలి. ఇవి సాఫీగా సాగితే మూడో రోజో నాలుగో రోజో ఎఫ్2.

ఆఖరి డైవ్‌కీ ఆర్క్‌నీలోని కర్క్‌వాల్ నుంచి ఎక్కే విమానానికీ మధ్య 24 గంటలు ఉంచండి. అంత టైము లేకపోతే ఆర్క్‌నీలోని స్ట్రామ్‌నెస్ నుంచి స్కాట్లండ్ ప్రధాన భూభాగంలోని స్క్రాబ్‌స్టర్‌కి ఫెర్రీ ఉంది, అక్కడి నుంచి రోడ్డు మీద వెళ్లొచ్చు.