ఫోన్ లైట్ ఉండగా వేరే టార్చ్ ఎందుకు? పదకొండేళ్ళ రాత్రి నడక నుంచి నా జవాబు

చెల్లెమ్మా, రాత్రి పదింటికి గుణుపూర్‌లో బస్సు దిగి ఒక్కదాన్నే ఇంటికి నడవాలి, హ్యాండ్‌బ్యాగులో పట్టే టార్చ్ ఏది కొనను, ఫోన్ లైట్ చాలదా అని అడిగావు కదా. నేను పర్లాకిమిడిలో స్టాఫ్ నర్సుని, ఆఫ్టర్నూన్ డ్యూటీ అయ్యాక ఊరి మలుపులో ఆటో దిగితే పొలాల మధ్య ముప్పావు కిలోమీటరు నడక, పదకొండేళ్ళుగా అదే దారి.

ఫోన్ లైట్ చాలదు. మొదటి రెండేళ్ళు నేనూ దాంతోనే నడిచాను. ఒక వాన రాత్రి సగం దారిలో వెనకాల బండి ఒకటి నెమ్మదిగా వస్తూ ఆగుతూ మళ్ళీ వస్తూ ఉంది, తమ్ముడికి ఫోన్ చేద్దామంటే లైటూ అదే ఫోనూ అదే, చెవి దగ్గర పెట్టుకుంటే దారి కనబడదు, పైగా చార్జింగ్ నాలుగు శాతం. బండివాడు తిరిగిపోయాడు గానీ ఇంటికొచ్చాక కూడా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఫోను మనిషిని పిలవడానికి, 112 కొట్టడానికి మిగలాలి, వెలుతురు రెండో చేతిలో ఉండాలి. నేను చెప్పేది ముఖ్యంగా ఇదే.

ఇక ఏది కొనాలంటే, డబ్బా మీద పదివేల ల్యూమెన్లు (వెలుతురు కొలత) అని రాసినవాటి జోలికి పోవద్దు. అరచేతిలో పట్టే లైటు నిజంగా వెయ్యి ఇచ్చినా వేడెక్కిపోయి ఒకటి రెండు నిమిషాల్లో తగ్గిపోతుంది. నడకకి వంద నూటయాభై బోలెడు. స్విచ్ వెనక వైపు ఉండి, బొటనవేలితో చీకట్లో తడుముకోకుండా ఒక్క నొక్కుకే వెలగాలి, నొక్కినప్పుడల్లా టపటప కొట్టుకునే మోడ్ మధ్యలో వచ్చేది వద్దు, కంగారులో చాలా ఇబ్బంది. వెనక మూత పావు తిప్పు వదులు చేస్తే ఆరిపోయేదైతే పగలు అలా ఉంచు, నాది ఒకసారి బ్యాగులో దానంతటదే వెలిగి సాయంత్రానికి బ్యాటరీ అయిపోయింది. దారి మొదట్లోనే బిగించి చేతిలో పట్టుకో, బ్యాగు అడుగున ఉంటే ఉపయోగం లేదు.

బ్యాటరీ సంగతి నాకు 2018లో తిత్లీ నేర్పింది. అక్టోబరు 11న తుఫాను కొట్టాక మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు, చార్జింగ్ లైటు మూలన పడింది, గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్‌తో నడిచే లైటే ఇల్లంతా తిరిగింది. అందుకే పెన్సిల్ సెల్, అదే సైజులో చార్జింగ్ పెట్టుకునే లిథియం బ్యాటరీ (14500 అంటారు) రెండూ పడతాయని డబ్బా మీద రాసున్నది తీసుకో. రాసిలేకపోతే ఆ లిథియం పెట్టకు, పెన్సిల్ సెల్ కంటే దాని వోల్టేజి రెట్టింపు పైనే ఉంటుంది. వాడకుండా దాచేటప్పుడు మామూలు సెల్ తీసెయ్, కారి లోపలంతా పాడుచేస్తుంది.

పట్టుకోవడం కూడా చెప్తాను. భుజం దగ్గర కాదు, నడుం కంటే కిందకి, ఏటవాలుగా వెయ్యి, గుంతా రాయీ నీడ పడి తెలుస్తాయి. కల్వర్టు మీద నాకు రెండడుగుల దూరంలో కట్లపాము ఉంటే అలాగే కనబడింది. అది రాత్రే తిరుగుతుంది, తడిసిన తారు రోడ్డు మీద నల్లగా కలిసిపోతుంది, కరిచినా ఒక్కోసారి నొప్పీ వాపూ ఉండవు, గాటు కూడా దొరకదు. అనుమానం వచ్చినా కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు, 108కి చేసి నేరుగా ఆస్పత్రికి రావాలి. తెల్లారి చూద్దాంలే అని పడుకుని ఆలస్యంగా వచ్చినవాళ్ళని చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

మనిషి వెంటబడితే? చీకటికి అలవాటుపడ్డ కళ్ళలోకి ఫుల్ లైటు కొడితే కొన్ని క్షణాలు తడబడతాడు, అంతే, ఆ క్షణాలు దీపమున్న ఇంటివైపు పరిగెట్టడానికి, అరవడానికి. నిలబడి ఎదిరించడానికి కాదు. బండి అయితే నంబరు ప్లేటు మీద వేసి గట్టిగా పైకి చదువు.

కొన్నాక ఒక రాత్రి అమ్మనో తమ్ముడినో తోడు తీసుకుని ఆ దారిలోనే వెలిగించి చూడు. మధ్యలో చెరువుగట్టు ఉంటే చెప్పు, దూరానికి సన్నగా కొట్టేది మంచిదా దగ్గర వెడల్పుగా పరుచుకునేది మంచిదా అన్నది దాన్నిబట్టి రాస్తాను.